అత్తమ్మ చపాటా విత్తనం, మిద్దె మీది దయ్యపు మిరప

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు 43 ఏళ్లు, ఉపాధ్యాయురాలు. మామగారు పోయిన తరువాత నర్సంపేట వైపున్న ఊళ్లో భూమిని కౌలుకిచ్చి, నాలుగేళ్ల క్రితం అత్తమ్మను తమ దగ్గరికి తెచ్చుకున్నారు. ఆమె వస్తూ బట్టల సంచితో పాటు గుడ్డలో మూటగట్టిన చపాటా మిరపకాయలను తెచ్చుకున్నారు. పొట్టిగా, లావుగా, టమాటా పండులా ఎర్రగా ఉండే ఆ కాయ విత్తనాన్ని ఆమె పెళ్లయిన నాటి నుంచి ఏటా తన చేతితోనే ఏరి దాస్తున్నారట. మిద్దె మీద ఆరు కుండీల్లో ఆ విత్తనమే వేశారు. మొదటి రెండేళ్లు మిద్దె మీద చపాటా తప్ప మరో మిరప లేదు. మూడో ఏడు, పచ్చిమిర్చి కొనే పని లేకుండా ఉంటుందని కోడలు నర్సరీ నుంచి గుంటూరు సన్నమిరప మొక్కలు రెండు తెచ్చి పెట్టారు. అదే ఏడు కేరళకు చెందిన సహోద్యోగిని ఇచ్చిన కాంతారి మిరప మొక్క కూడా చేరింది. నాలుగో ఏడు, అంటే ఈ సీజనులో, తొమ్మిదో తరగతి చదివే కొడుకు ముచ్చటపడి, దయ్యపు మిరప అని పిలిచే చాలా ఘాటైన భూత్ జొలొకియా మొక్క ఒకటి పెంచాడు.

ఈ సంక్రాంతికి ఆ ఆరు కుండీల పండ్లతో అత్తమ్మ తొక్కు నూరారు. పండుగకు వచ్చిన ఆడపడుచు తన ఆరేళ్ల కూతురికి ఎప్పటిలాగే అన్నంలో నెయ్యి వేసి ఆ తొక్కు కలిపి పెడితే, పాప మొదటి ముద్దకే ఏడుపు అందుకుంది. "అమ్మ తొక్కు ఇట్లా ఎప్పుడూ లేదు" అని ఆడపడుచు అన్న ఒక్క మాటకు అత్తమ్మ ముఖం మాడిపోయింది. "ఆ దయ్యపు మిరప గాలి తగిలి నా విత్తనం ఖరాబైంది" అన్నారు. అప్పుడు కోడలు ఫోనులో వెతికి, పక్కన ఏ మిరప ఉన్నా ఆ ఏడు కాసే కాయ కారం మారదని శాస్త్రం చెబుతోందంటూ అందరి ముందు చదివి వినిపించారు. ఆ రోజు నుంచి అత్తమ్మ మిద్దె ఎక్కడం మానేశారు, తోట ఊసే ఎత్తడం లేదు. భర్త "ఆ కారం మొక్కలన్నీ పీకిపారెయ్, గొడవ వదుల్తది" అంటున్నారు. కొడుకు అలిగి కూర్చున్నాడు. ఇంతకీ ఎవరి మాట నిజం, మొక్కలు పీకాలా, ఉంచుకుంటే ఈ విత్తనం నిలుస్తుందా, అత్తమ్మను మళ్లీ మిద్దె మీదికి ఎలా తీసుకురావాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

ముందుగా ఎవరి మాట నిజమన్న దాని సంగతి చూద్దాం. మీరు చదివి వినిపించిన విషయం నిజమే కానీ, అది మీ ఇంట్లో జరిగినదానికి వర్తించదు. మీ అత్తమ్మ చెప్పిన కారణం సరైనది కాకపోయినా, ఆమె కనిపెట్టిన నష్టం నిజమైనది. మీ ఉత్తరాన్ని రెండోసారి చదువుతూ ఏ ఏడు ఏ మొక్క వచ్చిందో ఒక కాగితం మీద రాసుకున్నప్పుడు నాకు ఇది తెలిసింది. మీరు కూడా ఒకసారి అలా రాసి చూడండి.

మిరప పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి కాబట్టి అది తన పుప్పొడితోనే కాయ కట్టగలదు. అయినా తేనెటీగలు, చిన్న చిన్న ఈగలు పువ్వు నుంచి పువ్వుకు తిరిగేటప్పుడు పక్క మొక్క పుప్పొడి కూడా వచ్చి చేరుతుంది. అలా పరాయి పుప్పొడి పడితే మారేది లోపలి గింజ మాత్రమే. కాయ తొక్క, కండ, గింజలు అంటుకుని ఉండే నడిమి తెల్లటి పొర, ఇవన్నీ తల్లి మొక్క శరీరంలో భాగాలు. మిరపలో కారం పుట్టేది గింజలో అని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి అది ఆ తెల్లటి పొరలో పుడుతుంది, గింజకు అంటుకుని ఉండడం వల్ల గింజ కూడా కారంగా అనిపిస్తుంది. అందుకే భూత్ జొలొకియా పుప్పొడి వచ్చి పడినా, ఈ ఏడు చపాటా మొక్కకు కాసిన కాయ చపాటా కాయగానే ఉంటుంది. మీరు ఫోనులో చదివింది ఈ మేరకు సరైనదే.

అయితే ఈ ఏడు మీ మిద్దె మీద కాసిన ఆ ఆరు మొక్కలు ఎక్కడి నుంచి వచ్చాయి? కిందటేడు దాచిన గింజల నుంచి. ఆ గింజలు కట్టినప్పుడు పక్కనే రెండు అడుగుల దూరంలో సన్నమిరప పూస్తోంది. కిందటేటి కాయ రుచిలో ఏ తేడా లేకపోవడం వల్ల ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే ఆ కాయ తల్లిది, లోపలి గింజ మాత్రమే ఇద్దరిది. ఆ గింజ మొలిచి, మొక్కై, కాయ కాసిన తరువాత, అంటే సరిగ్గా ఒక ఏడాది ఆలస్యంగా, తేడా మీ తొక్కులోకి వచ్చింది. మీరు నియమాన్ని సరిగ్గానే చెప్పారు గానీ దాన్ని ఒక ఏడు తప్పుగా లెక్కవేశారు. తన చేతిలో చెడిపోయిన విత్తనం చెడిపోలేదని పదిమంది ముందు ఫోను చూపించి వాదిస్తే, ఎంత పెద్దమనిషైనా మౌనం వహించడం తప్ప ఏం చేయగలరు?

ఇంట్లో అందరూ దయ్యపు మిరపను నిందిస్తున్నారు గానీ, ఈ ఏటి తొక్కు విషయంలో దాని తప్పు ఏమీ లేదు. అది ఈ సీజనులోనే వచ్చింది కాబట్టి, కిందటేడు గింజ కట్టినప్పుడు అది అక్కడ లేనే లేదు. కాంతారి కిందటేడు ఉన్నా, అది మిరపలోనే వేరే జాతికి చెందినది, చపాటాతో అంత తేలికగా కలవదు. చపాటా, గుంటూరు సన్నం రెండూ ఒకే జాతికి చెందిన రెండు రకాలు కాబట్టి వాటి మధ్య కలయికకు అడ్డేమీ లేదు. కాబట్టి నా అనుమానమంతా ఎవరి దృష్టీ పడని, రోజూ కూరలోకి కోసుకునే ఆ సన్నమిరప మీదనే ఉంది. ఈ మాట చెప్పడంలో నాకు ఒక భయం కూడా ఉంది. దీన్ని మీ అబ్బాయి "చూశావా, నా మొక్క తప్పు కాదు" అని నాయనమ్మ ముందు జెండాలా ఎగరేయకుండా చూసుకోండి. ఎందుకంటే వచ్చే ఏటి విషయంలో ఆమె భయమే నిజం కావచ్చు. భూత్ జొలొకియా కూడా వేరే జాతే అయినా, చపాటా, సన్నం ఉన్న జాతితో అది కలవగలదు. పోయిన అక్టోబరు నుంచి అది చపాటా పక్కనే పూస్తోందని మీరే రాశారు. గుంటూరు సన్నం కారం, మిరప ఘాటును చెప్పే స్కోవిల్ కొలతలో సుమారు 35,000 నుంచి 40,000 ఉంటుందని చెబుతారు. భూత్ జొలొకియా 2007లో 10 లక్షలు దాటిన కొలతతో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఈ ఏడు దాచిన గింజల్లో దాని పుప్పొడి నాలుగింటికి తగిలినా, వచ్చే సంక్రాంతికి మీ ఇంట్లో ఏడ్చేది ఒక్క పాపే కాదు.

మీ ఉత్తరంలో మరో విలువైన వివరం ఉంది, మీరు దాన్ని దారిన పోతూ చెప్పినట్టు చెప్పారు. ఆరు మొక్కల్లో రెండింటి కాయలు ఈసారి "కొంచెం సన్నగా, కొస తేలి" వచ్చాయని, ఎరువు చాలలేదేమో అనుకున్నామని రాశారు. లావు కాయ రకం, సన్న కాయ రకం కలిసి పుట్టిన మొదటి తరం మొక్కల్లో కాయ సాధారణంగా చిన్న కాయ వైపే మొగ్గుతుంది. కారం సంగతీ అంతే. బొత్తిగా కారం లేని క్యాప్సికం లాంటి రకాన్ని కారపు రకంతో కలిపితే పుట్టే మొక్క కారంగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ కారం పుట్టించే జన్యువుదే పైచేయి. చపాటాలో కారం బొత్తిగా లేకపోలేదు, తక్కువగా ఉంది. అది చాలా జన్యువులు కలిసి చేసే పని కాబట్టి, దాని సంకరంలో రెండింటికీ నడుమ ఎక్కడో ఒకచోట కారం నిలుస్తుంది. ఆ రెండు మొక్కల కాయలను మిగిలిన నాలుగింటి కాయలతో కలిపి ఒకే రోట్లో నూరారు కాబట్టి జాడీ మొత్తానికి ఆ కారం పాకింది. నా ఊహ ఇది. దీన్ని నిరూపించుకోవడం కష్టమేమీ కాదు, ఇంకా కాయలు ఉన్నాయని రాశారు కదా, ఆరు మొక్కల కాయలను విడివిడిగా కోసి, తొడిమ దగ్గరి ముక్కను, ఆ తెల్లటి పొరతో సహా, నాలుక కొసకు తాకించి చూడండి. కాయ కొస ముక్కతో పరీక్ష చేస్తే మోసపోతారు, అక్కడ కారం తక్కువగా ఉంటుంది.

ఇంకో కారణాన్ని కూడా పూర్తిగా కొట్టిపారేయకూడదు. డిసెంబరులో పది రోజులు ఊరికి వెళ్లినప్పుడు పక్కింటివారు నీళ్లు పోయడం మరిచారని, మొక్కలు వాడిపోయాయని రాశారు. నీటి ఎద్దడికి గురైన మిరప కాయలో కారం పెరగడం తెలిసిన విషయమే. పరీక్షలో ఆరు మొక్కల కాయలూ ఒకేలా కారంగా ఉండి, ఆకారంలో తేడా లేదనిపిస్తే, అప్పుడు నా పై కథంతా పక్కన పెట్టి ఈ ఎండబెట్టిన పది రోజులనే తప్పుపట్టండి. రెండు మొక్కలే కారంగా ఉంటే సంకరమేనని నమ్మవచ్చు. ఆకుముడత కూడా దయ్యపు మిరప వల్లే వచ్చిందని అత్తమ్మ అన్నట్టు రాశారు. దానికీ పుప్పొడికీ సంబంధం లేదు. ఆకులు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగులు (త్రిప్స్), కిందికి ముడుచుకుంటే నల్లి (మైట్స్) కారణం. 2021-22లో మన వరంగల్, ఖమ్మం రైతుల మిరప తోటలను తుడిచిపెట్టిన నల్ల తామర పురుగులు ఆమెకు మీకన్నా బాగా గుర్తుండే ఉంటాయి. కుండీలు ఒకదాన్నొకటి తాకకుండా జరిపి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా చల్లండి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. నలభై ఏళ్లకు పైగా చెడని విత్తనం మీ ఇంటికి వచ్చిన నాలుగేళ్లకే ఎందుకు చెడింది? ఆమె మనసులో ఈ ప్రశ్నే తిరుగుతోందని నా నమ్మకం. దీనికి సమాధానం ఆమె పద్ధతిలో లేదు, చోటు మారడంలో ఉంది. ఊళ్లో వాళ్ల చేను అంతా చపాటాయే, పక్క చేలు కూడా చాలావరకు అవే. కల్లంలో పోసిన రాశి నుంచి నిగనిగలాడే లావు కాయలను ఏరి దాస్తే సరిపోయేది. తేనెటీగ ఎటు తిరిగినా చపాటా పుప్పొడినే మోసుకొచ్చేది కాబట్టి, రాశిలో మంచి కాయ అంటే మంచి గింజ అనే అర్థం. ధ్రువీకరించిన మిరప విత్తనం పండించే రైతు ఇతర మిరప రకాలకు కనీసం 200 మీటర్ల ఎడం, మూల విత్తనమైతే 400 మీటర్ల ఎడం పాటించాలని మన దేశంలో నిబంధన ఉంది. మీ మిద్దె పొడవు ముప్పై అడుగులు. ఇక్కడ రాశి నుంచి ఏరిన మంచి కాయలో ఎవరి గింజ ఉందో కాయను చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆమె ఏరడంలో పొరపాటు ఏమీ లేదని, ఆ ఏరుడు చేనుకు సరిపోయింది గానీ కుండీలకు సరిపోదని ఆమెకు మీరు చెప్పగలిగితే, శాస్త్రం చదివి వినిపించిన దానికన్నా అది ఎక్కువ పని చేస్తుంది. వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీ అత్తమ్మ లాంటి వాళ్లు ఏటా కూర్చుని ఏరబట్టే ఆ కాయ ఆ రూపంలో మిగిలింది.

మొక్కలు పీకాలా అన్నదానికి: ఇప్పుడు పీకితే ఏ ప్రయోజనమూ లేదు. కలవాల్సినవి ఇప్పటికే కలిశాయి. పీకితే ఈ ఏటి గింజ శుభ్రం కాదు, అబ్బాయి మాత్రం నాయనమ్మ వల్ల తన మొక్క పోయిందని ఏళ్లపాటు గుర్తుంచుకుంటాడు. భర్త చెప్పిన మార్గం సులువైనదే గానీ, అది గొడవను మిద్దె మీది నుంచి ఇంట్లోకి దించుతుంది. వచ్చే జూన్ నుంచి ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. దానికి నాకు కనిపించిన దారులు ఇవి, ఒక్కోదానికి ఒక్కో ఖరీదు ఉంది.

మిద్దె మీద చపాటా తప్ప మరే మిరపా పెట్టకపోవడం ఒక దారి. అత్తమ్మకు వెంటనే తృప్తి కలుగుతుంది, శ్రమ ఉండదు. కానీ మీ పక్క మిద్దెల మీద మిరప లేదని మీకు ఎవరు హామీ ఇస్తారు? చుట్టుపక్కల మిద్దెల మీద కూడా తోటలు ఉండవచ్చు, తేనెటీగకు పిట్టగోడలు అడ్డు కావు. మొదటి రెండేళ్లు విత్తనం నిలిచిందంటే, ముప్పు ప్రధానంగా మీ కుండీల నుంచే వచ్చిందనుకోవచ్చు గానీ, పూర్తి భద్రత దీనిలో లేదు. పైగా ఇంట్లో ఒకరి కోసం మరొకరు తమ ఇష్టాన్ని వదులుకున్న లెక్క ఎప్పుడో ఒకసారి బయటికి వస్తుంది.

రెండో దారి, అన్ని రకాలనూ పెంచుకుని, విత్తనానికి కావలసిన పూలను మాత్రమే కాపాడుకోవడం. నాకు ఇది ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే తినే కాయకు పుప్పొడితో నిమిత్తం లేదు, ఎన్ని రకాలు పక్కపక్కన ఉన్నా తినడానికి భయం లేదు. మీకు కాపాడుకోవలసింది గింజ మాత్రమే, అదీ పిడికెడు. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇచ్చే పల్చటి జాలీ సంచులు మీ ఇంట్లో పది పాతవైనా ఉంటాయి. చపాటా మొక్కలో రేపు విచ్చుకుంటుందనిపించే తెల్లటి మొగ్గలున్న కొమ్మను ఎంచుకుని, దాని మీద అప్పటికే విచ్చిన పూలను, పిందెలను గిల్లివేసి, సాయంత్రం పూట ఆ కొమ్మకు సంచి తొడిగి, మూతి దారాన్ని వదులుగా బిగించండి. తరువాత రోజుల్లో పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య ఆ కొమ్మను వేలితో మెల్లగా తట్టండి. ఈగలు చేయాల్సిన పనిని మీ వేలు చేస్తుంది. పిందె కట్టి పూరేకలు రాలాక సంచి తీసేసి, ఆ పిందె తొడిమకు వెంటనే రంగు దారం కట్టండి. ఈ దారం కట్టడం మరిచిపోతే పది రోజుల శ్రమ వృథా అవుతుంది, ఎందుకంటే పండిన తరువాత ఏది సంచిలో కట్టిన కాయో ఏది కాదో చెప్పలేరు. మూడు నాలుగు మొక్కల నుంచి మొత్తం పది, పన్నెండు కాయలు దారంతో దొరికితే మీ ఆరు కుండీలకు ఏళ్లకేళ్లు సరిపోయే గింజ వస్తుంది. సంచిలో కట్టిన పూలలో సగం రాలిపోవచ్చు, ఎండ ఎక్కువైతే ఇంకా ఎక్కువ రాలతాయి. అందుకని మొదటి ప్రయత్నానికే నిరాశపడకండి.

ఒక్కో కొమ్మకు సంచి కట్టడం ఓపిక లేని పని అనిపిస్తే, రెండు మూడు చపాటా కుండీలను ఒకచోట చేర్చి నాలుగు వెదురు కర్రలు పాతి పాత దోమతెర కప్పవచ్చు. అది పూలకు ముందే కప్పాలి, కింద సందు లేకుండా ఇటుకలు పెట్టాలి, రోజూ మొక్కలను ఒకసారి ఊపాలి. ఇందులో ఒక బాధ ఉంది. తామర పురుగులు, తెల్లదోమ దోమతెర రంధ్రాల్లో నుంచి లోపలికి దూరగలవు గానీ, వాటిని తినే అక్షింతల పురుగులు మాత్రం బయటే ఆగిపోతాయి. దాంతో లోపల ఆకుముడత మొదలైతే వేగంగా ముదురుతుంది. వారానికి రెండుసార్లు తెర ఎత్తి ఆకుల అడుగు చూసే వాళ్లుంటేనే దీనికి పూనుకోండి.

మూడోది, మీ అత్తమ్మకు నచ్చే అవకాశం ఉన్నది: విత్తనపు ఏడును వేరుచేసుకోవడం. బాగా ఎండబెట్టి తేమ తగలకుండా దాచిన మిరప గింజ రెండు, మూడేళ్ల వరకు బాగానే మొలుస్తుంది. ఏటా విత్తనం తీయాలన్న నియమం చేను ఉన్నప్పటి అలవాటే తప్ప అవసరం కాదు. రెండేళ్లకోసారి ఒక సీజనును చపాటాకే కేటాయించి, ఆ ఏడు మిగతా మిరప వేయకుండా ఉంటే, మధ్య ఏడు అబ్బాయి ఏ రకాన్నైనా పెంచుకోవచ్చు. ఇందులో తేనెటీగలు పక్క మిద్దెల నుంచి తెచ్చే పుప్పొడి ముప్పు ఉండనే ఉంటుంది, దానికి విత్తనపు ఏడులో కూడా నాలుగు కొమ్మలకు సంచులు కట్టుకోవడమే మందు. ఊళ్లో ఉన్న బంధువుల చేను నుంచి విత్తనం తెచ్చుకుందామన్న ఆలోచన మీరు చివర్లో రాశారు. అది చెడ్డది కాదు, కానీ తెచ్చే ముందు ఆ చేను చుట్టూ ఇప్పుడు ఏ మిరప వేస్తున్నారో అడగండి. తేజ వంటి ఘాటైన రకాలు పక్క మడిలోనే ఉంటే మీ మిద్దెకూ ఆ చేనుకూ తేడా లేదు.

మీరు ఏ దారి ఎంచుకున్నా ఒక మార్పు మాత్రం తప్పదు. ఇకపై విత్తనానికి కాయను కాదు, మొక్కను ఎంచుకోవాలి. ఆకారం, రుచి రెండూ చూసి ఇది నిక్కమైన చపాటా అని తేల్చుకున్న మొక్కకు ముందే గుర్తు పెట్టి, దాని కాయలను రాశిలో కలపకుండా విడిగా ఎండబెట్టాలి. ఈ ఏడు సన్న కాయలు కాసిన ఆ రెండు మొక్కల గింజలను ఎట్టి పరిస్థితిలోనూ దాచకండి. సంకరపు మొక్క గింజ మొలిస్తే దాని పిల్లలు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా, ఒకటి లావుగా ఒకటి సన్నగా, ఒకటి చప్పగా ఒకటి మంటగా వస్తాయి. మిగిలిన నాలుగు మొక్కలు నిక్కమైనవే అయినా, వాటి ఈ ఏటి గింజ భూత్ జొలొకియా పక్కన కట్టినదే కనుక దాన్ని కూడా నమ్మలేం. వాటి కాయలను నిశ్చింతగా తినండి.

అయితే వచ్చే ఏటికి విత్తనం ఏది? మీరే రాసిన మాట గుర్తుచేస్తాను. అత్తమ్మ తన ఇనప్పెట్టెలో ఒక స్టీలు డబ్బాలో "రెండేళ్ల నాటి కాయలు" పెట్టుకున్నారని, ఎవరినీ ముట్టనివ్వరని, ఎందుకో అర్థం కాదని రాశారు. నాకు అర్థమైంది. ఆ కాయలు మిద్దె మీద చపాటా తప్ప మరేదీ లేని ఏటివి. ఒక ఏడు పంట పోయినా విత్తనం పోకూడదని పాత గింజను వెనకేసుకునే రైతు జాగ్రత్త ఆమెది, అదే ఇప్పుడు మీ ముగ్గురికీ దారి చూపిస్తోంది. ఆ డబ్బాను మీరు అడిగి తీసుకోకండి. ముందు చేయాల్సిన పని వేరే ఉంది.

ఆరు చిన్న గిన్నెలు తీసుకుని, ఒక్కో మొక్క కాయలను ఒక్కో గిన్నెలో వేసి, మిద్దె ఎక్కమని బలవంతం చేయకుండా కిందికే తీసుకువెళ్లి ఆమె ముందు పెట్టండి. ఫోను వద్దు. "అత్తమ్మా, ఇందులో మన చపాటా ఏదో, కానిది ఏదో మీరే చెప్పండి" అని అడగండి. అన్నేళ్లు రాశుల ముందు కూర్చున్న కళ్లు అవి, ఆ రెండు గిన్నెలను ఆమె రుచి చూడకుండానే పక్కకు జరుపుతారని నేను అనుకుంటున్నాను. అప్పుడు మీరు చెప్పవలసిన మాటలు మూడే: విత్తనంలో వేరే రకం కలిసిన మాట నిజం, అది కిందటేడు నేను పెట్టిన సన్నమిరప వల్ల కావచ్చు, ఆ రోజు అందరి ముందు చదవడం నా తొందరపాటు. "నేను ముందే చెప్పలేదా" అని ఆమె అంటే అననివ్వండి. దయ్యపు మిరప గాలి అన్న మాటను అక్కడే సరిదిద్దాలని తొందరపడకండి, గాలి అన్నా పుప్పొడి అన్నా ఆమె చెబుతున్నది ఒక మొక్కది మరో మొక్కకు అంటిందనే కదా. ఆమె అసలు పలకకపోయే అవకాశం కూడా ఉంది. అలాగైతే గిన్నెలు అక్కడే వదిలి వచ్చేయండి, రెండు రోజులు ఆగండి.

అబ్బాయికి కూడా ఒక పని అప్పగించవచ్చు. సంచులు కట్టడం, దారాలు కట్టడం, ఏ కొమ్మకు ఏ తేదీన కట్టామో పుస్తకంలో రాయడం అతని వయసుకు నచ్చే పనులు. భూత్ జొలొకియా కాయను కోసేటప్పుడు చేతికి తొడుగు, వేరే కత్తి ఉండాలని, ఆ చేత్తో కళ్లు ముట్టుకోకూడదని, ఆ కుండీని చిన్నపిల్లలకు అందని ఎత్తులో పెట్టాలని కూడా అతనికి చెప్పండి. ఆ మిరపలో రెండు జాతుల జన్యువులు కలిసి ఉన్నాయని శాస్త్రవేత్తలు తేల్చారు. ఎక్కడో ఎప్పుడో రెండు రకాలు పక్కపక్కన పూసినందువల్లనే తన మొక్క పుట్టిందని తెలిస్తే, నాయనమ్మ గొడవ దేని గురించో అతనికి మనకన్నా ముందే అర్థమవుతుంది.

మిగిలిన తొక్కును పారేయకండి. మిరపలో కారానికి కారణమైన క్యాప్సైసిన్ అనే పదార్థం నీళ్లలో కరగదు కాబట్టి నీళ్లు కలిపి కారం తగ్గించలేరు. ఎనుమాముల మార్కెట్ వైపు సీజను ముగిసేలోపు చపాటా పండ్లు దొరికితే కిలో తెచ్చి, ఉప్పు, చింతపండు అదే పాళ్లలో వేసి, వేరే కారం వేయకుండా నూరి, రెండూ కలిపేయండి. పాపకు మాత్రం ఈ ఏటికి వద్దు.

ఇక ఆ స్టీలు డబ్బా. ఆమె తనంతట తాను దాని మాట ఎత్తిన రోజున, ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో, ఒక కాయ విప్పి 20 గింజలు మాత్రం లెక్కపెట్టి తీసుకోండి. తడిపి పిండిన గుడ్డలో చుట్టి, గాలి ఆడే డబ్బాలో నీడన పెట్టి, గుడ్డ ఎండకుండా చూడండి. రెండు వారాల్లో 12, 15 మొలిస్తే ఆ కాయలు మీ ఆరు కుండీలకు సరిపోతాయి. ఐదారే మొలిస్తే కుండీకి నాలుగేసి గింజలు వేసి, బలమైన మొక్కను ఉంచుకోవాలి. ఒక్కటీ మొలవకపోతే బంధువుల చేను వైపు వెళ్లడానికి జూన్ వరకు మీకు సమయం ఉంటుంది. డబ్బాలోని గింజలన్నీ మాత్రం ఒకేసారి విత్తకండి, సగం మళ్లీ ఆమె పెట్టెలోకే వెళ్లాలి.